నేను పట్టుకున్న మనిషి

హిందూపురంలో పనికి చేరిన ఐదో రోజు మా ఓనరు నన్ను చెంప మీద కొట్టాడు. ఎదురుగా ఒక రైతు ఉన్నాడు. ఆయన తెచ్చిన బోరు మోటరు విప్పి చూసి, "ఏం కాలేదప్పా, బుష్ ఒకటి అరిగింది. గంట పని," అన్నాను. అదే నేను చేసిన తప్పు. ఓనరు కుర్చీలోంచి లేచి, రైతు వైపు నవ్వుతూనే వచ్చి కొట్టాడు.

"కొత్తోడు. వీనికి ఇంగా ఏం తెలీదు," అని రైతుకు చెప్పి, "వైండింగే పోయుండాది కదప్పా, మాడు వాసన రాలేదా నీకి?" అని అడిగాడు.

రైతు వంగి మోటరు దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. వస్తాందన్నాడు. చెంప మండుతుంటే నాకూ ఏదో మాడుతున్నట్టే అనిపించింది.

అప్పటికి నాకు పాతికేళ్లు. మాది ధర్మవరం. నాయన మగ్గం నేసేవాడు. పట్టు దారం మీద తిరిగిన వేళ్లు రాగి తీగె మీద కూడా తిరుగుతాయని నాకు ఎవరూ చెప్పలేదు, నేనే కనుక్కున్నాను. రైల్వే స్టేషన్ దగ్గర ఒక చిన్న షాపులో వైండింగు నేర్చుకున్నాను. తీగె చుట్టడం నాకు మగ్గం కన్నా తేలికగా వచ్చింది. కానీ ఆ షాపులో ఫ్యాన్లు, మిక్సీలు తప్ప ఏమీ వచ్చేవి కావు. తొంభైల్లో అసలు పని అంతా బోరు మోటర్లలో ఉండేది. మా వైపు బావులు ఎండిపోయి ప్రతివాడూ బోరు వేస్తున్న రోజులు. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు, వస్తే సగం వోల్టేజీ. మోటర్లు కాలిపోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? హిందూపురంలో పెద్ద కంపెనీ మోటర్లు అమ్మి, సర్వీసు కూడా చేసే డీలరు దగ్గర మనిషి కావాలన్నారని విని వెళ్లాను.

ఓనరు మాట మెత్తన. నన్ను కొట్టినప్పుడు కూడా తిట్టలేదు. తిట్టడం, కొట్టడం అనేవి ఆ షాపులో వేరే మనిషి పనులు. ఆయన ఓనరు బామ్మర్ది. ఆరడుగుల మనిషి. పాత మోటరులోంచి తీసిన ఇనుప షాఫ్టు ఒకటి, మూరెడు పొడవుది, తలుపు పక్కన నిలబెట్టి ఉంచేవాడు. బిల్లు చూసి గొడవ పడిన రైతుల ముందు దాన్ని చేతిలోకి తీసుకుని గుడ్డతో తుడిచేవాడు. చాలామందికి అది సరిపోయేది. సరిపోని ఇద్దరిని నేను చేరిన ఏడాదిలోనే కొట్టాడు. ఒకాయన పెదవి చీలింది. ఇంకొకాయన్ని వాకిట్లో మురుగు కాలువలోకి తోసి, పైకి లేస్తుంటే మళ్లీ తన్నాడు. నేను లోపల కూర్చుని తీగె చుడుతూనే ఉన్నాను. చెయ్యి ఆగితే లెక్క తప్పుతుంది, చుట్లు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకోవాలి. ఆగకపోవడానికి నాకు దొరికిన సాకు అది.

పని ఎలా జరిగేదంటే, మోటరు రాగానే నేను విప్పాలి. ఓనరు వచ్చి చూస్తాడు. బాగున్న సామాను కూడా పోయిందని చెబుతాడు. అది విప్పి పక్కన పెడతాం. దాన్నే కడిగి, నున్నగా సానపెట్టి, ఇంకొకరి మోటరులో కొత్తదని బిగిస్తాం. గ్యారంటీ ఉన్న మోటరైతే ఇంకా మేలు. ఇది వోల్టేజీ వల్ల కాలింది, గ్యారంటీకి రాదు అని రైతు దగ్గర పూర్తి దుడ్లు తీసుకుంటాడు. అదే మోటరుకు, తయారీలో తప్పు వల్లే పోయింది అని కంపెనీకి రాసి, వాళ్ల దగ్గర కొత్త సామాను తెప్పించుకుంటాడు. ఆ సామాను వేరేచోట అమ్ముకుంటాడు. కంపెనీకి రాసే ఆ కాగితాలు నేనే రాసేవాణ్ణి. నా రాత బాగుంటుంది. కార్బన్ పెట్టి రాసిన నకళ్లు పుస్తకంలోనే ఉండిపోయేవి.

రొద్దం దగ్గర ఒక పల్లె నుంచి ఇంకొక రైతు మోటరు తెచ్చింది నేను చేరిన రెండో ఏడాది ఎండాకాలంలో. నలభై ఐదేళ్లు ఉంటాయి. సన్నగా, నల్లగా, మెడ నరాలు తేలి ఉండేవాడు. మా దగ్గరే నాలుగు నెలల కిందట కొన్న మోటరు. గ్యారంటీ కార్డు ప్లాస్టిక్ కవరులో పెట్టి, జేబులోంచి దేవుడి పటం తీసినట్టు తీశాడు. మోటరు విప్పాను. కింద త్రస్టు బేరింగు అరిగిపోయింది. మోటరు లోపల తిరిగే భాగం బరువంతా దాని మీదే కూర్చుంటుంది. అది అరిగితే తిరిగేది కిందికి జారి రాసుకుంటుంది, వేడెక్కి తీగె కాలుతుంది. నాలుగు నెలలకు అరగకూడదు. అంటే తయారీలోనే తప్పు. కంపెనీ ఉచితంగా చేయాలి.

ఓనరు చూశాడు. "వోల్టేజీ," అన్నాడు.

రైతు ఆయన ముఖం, నా ముఖం మార్చి మార్చి చూశాడు. నేను తల దించుకున్నాను. నా చెంప నాకు గుర్తుంది.

ఆయన గొడవ పడలేదు. దుడ్లు కట్టాడు. నేను తీగె మళ్లీ చుట్టాను. అది మాత్రం నిజాయితీగా చుట్టాను. బేరింగు మాత్రం పాతదే సానపెట్టి వేయమన్నాడు ఓనరు. వేశాను. బిల్లులో కొత్తదని రాశాను. కంపెనీకి కూడా ఒక కాగితం రాశాను.

ఇరవై రోజులకు మోటరు మళ్లీ వచ్చింది. ఈసారి ఆయన ముఖం వేరేగా ఉంది. రెండెకరాల మల్బరీ, ఇంట్లో పట్టుపురుగులు. హిందూపురం గూళ్ల మార్కెట్టుకు గూళ్లు తెచ్చి అమ్మే మనిషి. నీళ్లు లేక ఆకు ముడుచుకుంటోందని, పురుగులు మూడో జ్వరం దాటాయని, పక్క చేలో ఆకు కొని వేస్తున్నానని చెప్పాడు. పురుగు చర్మం విడిచే ముందు కదలకుండా పడుకుంటుంది, దాన్ని మా వైపు జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక అవి తినే ఆకుకు అంతు ఉండదు.

"ఏం పోతాందప్పా ఈ మోటరుకు? నిజం చెప్పు నాకి," అని నన్నే అడిగాడు. ఓనరు ఫోన్లో ఉన్నాడు.

విప్పిన బేరింగును బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పాడు. నడుముకు ఉన్న తాళంచెవి తీసి, వెనక వైపు, సాన తగలని చోట, ఇనుము మీద గట్టిగా రెండు గీతలు గీశాడు. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. గీస్తూ నన్నే చూస్తున్నాడు. గీసి బల్ల మీద పెట్టేసి, బయటికి వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు.

ఓనరు వచ్చి, అదే సానపెట్టి వెయ్యి అన్నాడు. దాని వెనక గీతలున్నాయని నేను చెప్పలేదు. చెప్పుంటే ఆయన వేరే పాతది వేయించేవాడు, అంతే. చెప్పకపోవడం ఎవరి కోసం అని ఆ తర్వాత నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నాను. రైతు కోసమా, ఓనరు మీద కోపమా, ఉత్త భయమా? ఏదైనా, ఆ గీతలున్న బేరింగును నా చేతులతోనే మళ్లీ లోపల పెట్టి బిగించాను. బిల్లులో కొత్త త్రస్టు బేరింగు అని రాశాను. కంపెనీకి ఇంకో కాగితం కూడా రాశాను.

ఈసారి తొమ్మిది రోజులే.

పొద్దున పదకొండు గంటలకు ఆటోలో మోటరు దింపారు. రైతుతో ఆయన భార్య కూడా వచ్చింది. గట్టి మనిషి, ఆయనకన్నా ఒక జానెడు ఎత్తు. ఇద్దరి చేతులకూ సున్నం ఉంది. పురుగులు ఆకు లేక చచ్చిపోతే ముందురోజు గుంట తవ్వి, సున్నం చల్లి పూడ్చి వచ్చారు. నాలుగో జ్వరం లేచి రెండు రోజులైన పురుగులు. ఇంకొక వారం ఉంటే చంద్రికలనే వెదురు తట్టల మీద గూళ్లు కట్టేవి.

"ఈడనే విప్పు. నా ఎదురుగా విప్పు," అన్నాడు రైతు.

"విప్పురా," అన్నాడు ఓనరు నాతో, నవ్వుతూ. ఆయనకేం తెలుసు?

రైతు భార్య దాహమని ఎదురు టీ అంగడికి వెళ్లింది. షాపులో ఓనరు, బామ్మర్ది, రైతు, నేను, నలుగురం ఉన్నాం. వాకిట్లో ఇంకో ఇద్దరు ముగ్గురు రైతులు. నేను బోల్టులు ఒక్కొక్కటే విప్పాను. నా జీవితంలో అంత నిదానంగా ఏ మోటరూ విప్పలేదు. లోపలి నీళ్లు నల్లగా కారాయి. కింది మూత వచ్చింది. బేరింగు తీసి గుడ్డతో తుడిచాను. రైతు నా చేతిలోంచి లాక్కుని వెనక్కి తిప్పాడు.

గీతలు అలాగే ఉన్నాయి.

ఆయన దాన్ని ఓనరు కళ్ల ముందు పెట్టాడు. "ఇది నేను పెట్టిన గుర్తు. కొత్తదని దుడ్లు తీసుకొంటివి కదప్పా. రెండుసార్లు తీసుకొంటివి. ఇది కొత్తదా?"

ఓనరు దాన్ని చూసి, "నువ్వే గీకి తెచ్చినావు ఇప్పుడు," అన్నాడు.

ఆ మాటతో అయిపోయింది. బల్ల మీద నా పైపు రెంచి ఉంది, రెండడుగులది. రైతు దాన్ని ఎప్పుడు అందుకున్నాడో నేను చూడలేదు. ఓనరు భుజం మీద పడ్డ చప్పుడు మాత్రం విన్నాను. ఎండు కట్టె విరిచినట్టు వినిపించింది. ఓనరు కుర్చీతో సహా పడిపోయాడు. రైతు రెంచి మళ్లీ ఎత్తాడు. ఈసారి తల మీదికి.

"పట్టుకోరా వాన్ని!" అని బామ్మర్ది అరిచాడు.

నేను వెనకనుంచి రైతు చంకల కింద చేతులు దూర్చి, ఆయన ఛాతీ మీద వేళ్లు ముడివేసి, గట్టిగా లాగాను. రెంచి ఆయన చేతిలోంచి జారి నా కాలి పక్కన పడింది.

రెంచి పడిపోయింది. అది నేను చూశాను. ఇంక పట్టుకోవాల్సిన పని లేదు. అయినా వదల్లేదు.

బామ్మర్ది తలుపు పక్కన ఉన్న షాఫ్టు తీసుకున్నాడు. మొదటి దెబ్బ కడుపులో. రెండోది పక్కటెముకల మీద. మూడోది కూడా అక్కడే. ఒక్కో దెబ్బకూ ఆ మనిషి వీపు వచ్చి నా ఛాతీకి కొట్టుకునేది. దెబ్బ ఆయనకు తగిలితే అదురు నాకు వచ్చేది. ఏదో లోపల విరిగింది కూడా నా ఒంటికి తెలిసింది, చెవికి కాదు. ఆయన అరవలేదు. గాలి మాత్రం నోట్లోంచి బుస్సుమని బయటికి పోయేది. నాలుగోది ముఖం మీద కొట్టాడు. నా ముంజేతి మీద వెచ్చగా రక్తం పడింది, ఒక పన్ను కూడా పడింది. "సాలన్నా," అని నేను అన్నాననుకుంటాను. అనలేదేమో. చేతులు మాత్రం వదల్లేదు. ఓనరు కళ్లెదుట వదిలితే తర్వాత వంతు నాదే అన్న ఆలోచన తప్ప అప్పుడు నా బుర్రలో ఏమీ లేదు.

వాకిట్లో రైతులు కదల్లేదు. ఆమె వచ్చింది.

టీ అంగడి నుంచి పరుగున వచ్చి, బామ్మర్దిని కాదు, నన్ను చూసింది. తన మొగుణ్ణి కదలకుండా చేస్తున్నవి ఏవో ఆమెకు వెంటనే తెలిసింది. బల్ల మీద సుత్తి తీసుకుని, నేను ముడివేసిన వేళ్ల మీద కొట్టింది. ఒకటి, రెండు. నేను వదిలేశాను. వదిలాక కూడా ఇంకొకటి కొట్టింది, బల్లకు ఆనించుకున్న అదే చేతి మీద. తర్వాత సుత్తి బామ్మర్ది వైపు ఎత్తి నిలబడింది.

"రారా," అంది. "నా మీదికి రా ఇప్పుడు."

ఆయన రాలేదు. షాఫ్టు కింద పడేసి బావను లేపడానికి వెళ్లాడు.

నా ఎడమ చెయ్యి మూడు వేళ్లు విరిగాయి. గవర్నమెంటు ఆస్పత్రిలో పిండికట్టు వేశారు. మంచాలు తక్కువ కాబట్టి నన్ను వేసిన వార్డులోనే మూడు మంచాల అవతల రైతును వేశారు. రెండు పక్కటెముకలు విరిగాయి, దవడ వాచి ముఖం ఒక పక్క కుమ్మరి సారె మీద జారిన మట్టిలా ఉంది. ఆయన మంచం దగ్గర ఒక పోలీసు కూర్చున్నాడు. ఎందుకంటే కేసు ఆయన మీదే పెట్టారు. ఓనరుకు భుజం ఎముక విరిగింది, అది హత్యాయత్నం అన్నారు. ఈయన పక్కటెముకలు ఎలా విరిగాయంటే, పారిపోబోయి మోటరు మీద పడ్డాడట.

రెండో రోజు బామ్మర్ది కాగితం తెచ్చాడు. అందులో అదే రాసి ఉంది, నేను కళ్లారా చూసినట్టు. "కుడి చెయ్యి బాగానే ఉండాది కదా," అన్నాడు. బాగానే ఉంది. సంతకం పెట్టాను.

అది మూడు మంచాల అవతలి నుంచి ఆమె చూసింది.

ఆ మధ్యాహ్నం పోలీసు అన్నానికి వెళ్లినప్పుడు రైతు నన్ను పిలిచాడు. దవడ కదలక మాట ముద్దగా వచ్చింది. వెళ్లి మంచం దగ్గర నిలబడ్డాను.

"నువ్వే కదప్పా పట్టుకొన్నోడు."

"నేనే."

"గుర్తు ఉండాదని నీకి తెలుసు. నేను గీకుతాంటే చూస్తివి. ఎందుకు చెప్పలేదు వానికి?"

"తెలీదన్నా."

"మోటరు ఏమైందో అదన్నా చెప్పు. నిజంగా వోల్టేజీనా?"

నాకు ఏడుపు వచ్చింది. చెప్పేశాను. వోల్టేజీ కాదని, గ్యారంటీ ఉందని, ఒక్క రూపాయి కట్టాల్సిన పని లేదని, ఆయన మోటరు పేరు మీద కంపెనీ రెండుసార్లు కొత్త సామాను పంపిందని, ఆ కాగితాలు రాసింది నేనేనని. చెబుతుండగానే ఆమె లేచి నన్ను కొట్టింది. అరచేత్తో, చెవి మీద. వార్డంతా తిరిగి చూసింది. నర్సు పరుగెత్తుకొచ్చింది.

"ఇంతసేపు యాడ పెట్టుకొన్నావురా ఈ మాట?" అంది. "మా పురుగులు గుంటలో ఏసినాంక చెప్తాండావా?" ఇంకోసారి చెయ్యి ఎత్తి, ఎందుకో దించేసింది. "నోటి మాట ఎవరిక్కావాల? కాగితం ఉంటే తే."

నెల తర్వాత కట్టు విప్పారు. మూడు వేళ్లలో ఒకటి పూర్తిగా వంగదు. మళ్లీ షాపుకు వెళ్లాను. నేను సంతకం పెట్టాను కాబట్టి ఓనరుకు నా మీద నమ్మకం పెరిగింది. భుజానికి కట్టుతో కూర్చుని, నాకు టీ తెప్పించాడు. నా చేతికి అయిన ఖర్చంతా తానే ఇస్తానన్నాడు. వారం రోజులు చెప్పిన పని చేశాను. ఎనిమిదో రోజు, ఆయన భోజనానికి వెళ్లినప్పుడు, కంపెనీ కాగితాల నకళ్ల పుస్తకం చొక్కా లోపల పెట్టుకుని బస్టాండుకు నడిచాను. బెయిలు మీద ఇంటికి చేరిన రైతుకు ముందే పోస్టుకార్డు రాశాను, గురువారం పెనుకొండ బస్టాండుకు రమ్మని. హిందూపురం బస్సు, రొద్దం బస్సు, మా ధర్మవరం బస్సు అన్నీ అక్కడ ఆగుతాయి. పుస్తకం ఇచ్చేసి, అక్కడి నుంచే ఇంటికి పోవాలనుకున్నాను.

బస్సు దిగేసరికి వాళ్లిద్దరూ బెంచీ మీద ఉన్నారు. ఆయన పక్కకు ఒరిగి కూర్చుని ఉన్నాడు. నేను వాళ్ల వైపు పది అడుగులు కూడా వేసి ఉండను. వెనకనుంచి జుట్టు పట్టుకుని ఎవరో నేలకు లాగారు.

బామ్మర్ది మోటరు సైకిలు మీద బస్సు వెంటే వచ్చాడు. పుస్తకం లేదని చూసుకోవడానికి వాళ్లకు ఎంతోసేపు పట్టలేదు. నన్ను నేల మీద వేసి తన్నడం మొదలుపెట్టాడు. నేను పుస్తకం మీద ముడుచుకుని పడుకున్నాను. వీపు మీద, నడుము మీద, తల మీద తన్నాడు. "తిన్న ఇంటికే కన్నం ఏస్తావా, నా కొడకా," అని ప్రతి తన్నుకూ అదే మాట. బూటు కొస ఎడమ చెవి లోపలికి తగిలినప్పుడు లోకం ఒక పక్క టక్కున ఆగిపోయింది. తన్నులు కనిపిస్తున్నాయి, సగం వినిపించడం లేదు. జనం చుట్టూ చేరారు. ఎవరూ ముందుకు రాలేదు. నేల మీద నుంచి నాకు రైతు కాళ్లు కనిపించాయి. బెంచీ దగ్గరే ఉన్నాయి. ఆయన చూస్తున్నాడు.

ఎంతసేపు చూశాడో నాకు తెలియదు. అది న్యాయమే అనిపించింది నాకు. ఇంకా కాసేపు చూడాల్సింది అని కూడా అనిపించింది.

తర్వాత ఆ కాళ్లు కదిలాయి. వచ్చి నాకూ బామ్మర్దికీ మధ్య నిలబడ్డాయి. ఒక చెయ్యి పక్కటెముకల మీద పెట్టుకుని, "సాలు," అన్నాడు. "ఇంగ నన్ను కొట్టు. ఈడ కొట్టు, ఇంతమంది ముందర. పారిపోయి పడినానని చెప్తావేమో చూస్తాను." ఆయన భార్య చేతిలో రాయి ఉంది. అది చూసి ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా వంగి రాళ్లు తీసుకున్నారు. బామ్మర్ది చుట్టూ చూసి, ఉమ్మేసి, బండెక్కాడు.

రైతు నన్ను లేపలేదు. వంగడం ఆయనకు చేతకాదు. "పుస్తకం తడిసిందా?" అని అడిగాడు. నా ముక్కులోంచి రక్తం కారుతోంది.

"లేదన్నా."

"ఇయ్యి."

ఇచ్చాను. పేజీలు తిప్పి, తన ఊరి పేరు ఉన్న రెండు కాగితాలూ వెతుక్కుని, వేలు పెట్టి చదువుకుని, భార్యకు ఇచ్చాడు. ఆమె దాన్ని చీర కొంగులో మూట కట్టుకుంది. రొద్దం బస్సు వచ్చింది. వెళ్లిపోయారు.

ఆ పుస్తకం పట్టుకుని వాళ్లు బెంగళూరులో కంపెనీ ఆఫీసుకే పోయారని తర్వాత తెలిసింది. గేటు దగ్గర రెండు రోజులు కూర్చున్నారట. కంపెనీ మనుషులు హిందూపురం వచ్చి లెక్కలన్నీ విప్పారు. ఒక్క రైతు కాదు, డెబ్భై ఎనభై మంది ఉన్నారు అందులో. డీలర్‌షిప్పు తీసేశారు. రైతుకు కొత్త మోటరు ఇచ్చారు. నేను కోర్టుకు పోయి, ఆస్పత్రిలో పెట్టిన సంతకం అబద్ధమని, పట్టుకున్నది నేనని, కొట్టింది బామ్మర్ది అని చెప్పాను. ప్లీడరు నన్ను అడిగాడు, "అయితే నువ్వూ నేరస్తుడివే కదా?" అని. అవునన్నాను. చివరికి రెండు వైపులా పెద్దమనుషులు కూర్చుని రాజీ చేశారు. కేసులన్నీ కొట్టేశారు. బామ్మర్దికి ఏమీ కాలేదు. ఆరు నెలలకు ఓనరు అదే షాపులో ఇంకో కంపెనీ బోర్డు పెట్టాడు. ఆ బోర్డు ఇప్పటికీ ఉందని అంటారు. నేను ఆ వీధికి పోను.

నాకు ఎడమ చెవి వినిపించదు. వంగని వేలితో తీగె చుట్టడం మళ్లీ నేర్చుకోవడానికి ఏడాది పట్టింది. రెండువేల సంవత్సరం తర్వాత పెనుకొండలో చిన్న షాపు పెట్టుకున్నాను. విప్పిన పాత సామాను ఒక గోతాంలో వేసి రైతు చేతికే ఇచ్చి పంపేవాణ్ణి. అది మంచితనమని కొందరు అంటారు. కాదు. ఎవరైనా వచ్చి నా ముందు బేరింగు వెనక్కి తిప్పి చూస్తే తట్టుకోలేను, అంతే.

షాపు పెట్టిన మూడో ఏడాది రొద్దం రైతు మోటరు చెడిపోయిందని కబురు పంపాడు. నేను చైన్ పుల్లీ వేసుకుని ఆయన చేనుకే పోయాను. వాళ్ల మనుషులు ఇద్దరు సాయం పట్టారు. పైపులు ఒక్కొక్కటే పైకి లాగి విప్పాం. మోటరు విప్పుతుంటే ఆయన నా ఎదురుగా గొంతుకూర్చుని, ప్రతి సామానూ చేతిలోకి తీసుకుని చూసి కింద పెట్టాడు. నేను ఏమీ అనుకోలేదు. పని మధ్యలో, చాలా ఏళ్లుగా లోపల ఉన్న మాట అడిగేశాను.

"అన్నా, ఆ పొద్దు నేను నిన్ను పట్టుకొంటి కదా. దానికి నువ్వు నన్ను ఏమన్నా చేసింటే బాగుండు."

ఆయన చేతిలో ఉన్న బోల్టును గుడ్డతో తుడిచి కింద పెట్టాడు.

"నువ్వు పట్టుకోకుంటే ఆయప్పను సంపేసుందును," అన్నాడు. "రెంచి తలకే ఎత్తినా. నాకి తెలుసు అది. జైల్లో సచ్చిపోయేవాన్ని." ఆగి, "అది నీ మంచితనం కాదులే," అన్నాడు. "రెంచి పడిపోయినాంక గూడా నువ్వు వదల్లేదు. అదీ నాకి తెలుసు."

"అవునన్నా."

"రెండూ నిజమే. నాకి రెండూ మర్చిపోయేదానికి కాలేదు. నువ్వు గమ్మున పని చెయ్యి."

పని చేశాను. మధ్యాహ్నం దాటాక ఆయన భార్య అన్నం తెచ్చింది. రాగి సంగటి, నంజుకోవడానికి చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి. అందరికీ చేతికి ఇచ్చింది. నా కంచం మాత్రం నాకు ఒక బారెడు దూరంలో, నేల మీద పెట్టి, వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. తక్కువ పెట్టలేదు, అందరికన్నా పెద్ద ముద్దే పెట్టింది. ఆ తర్వాత కూడా నేను వాళ్ల చేనుకు నాలుగైదుసార్లు పోయాను. ప్రతిసారీ అన్నం వచ్చింది, అంతే దూరంలో. ఆస్పత్రిలో కాగితం తెమ్మన్న తర్వాత ఆమె మాత్రం నాతో ఇంతవరకు ఒక్క మాట మాట్లాడలేదు.